హద్దులు చెరిగిన సంతలో చిన్న పాల సంఘం

2019లో పాలకేంద్రాల వద్ద క్యాన్లతో వరుసలో నిలబడ్డ సభ్యుల నోట ఒక ప్రశ్న తరచుగా వినవచ్చేది. “విదేశాలతో ఏదో ఒప్పందం కుదురుతున్నదట గదా! న్యూజీలాండు పాలపొడి వచ్చి పడితే ఇక మన పాలు ఎవరు కొంటారు?” ఆ ఒప్పందం పేరు ఆర్‌సెప్. ఆ ఏడాది నవంబరు 4న బ్యాంకాక్‌లో మన దేశం అందులో చేరబోమని ప్రకటించింది. మిగిలిన 15 దేశాలు 2020లో సంతకాలు చేసుకొన్నాయి, 2022 జనవరి 1 నుంచి అది అమలులోకి రావడం మొదలైంది. మన వరకు ఆ గొడవ సద్దుమణిగింది గాని, ప్రశ్న తీరిపోలేదు. ఇటువంటి ఒప్పందాలు ఒకటి పోతే మరొకటి ముందుకు వస్తూనే ఉంటాయి. హద్దులు తీసివేసిన సంతలో చిన్న పాల సంఘం గతి ఏమవుతుంది? ఊహించి చెప్పడం కంటె, ఆ అనుభవం ఇదివరకే పొందిన ఒక దేశం సంగతి తెలుసుకొనడం మేలు. ఆ దేశం ఐర్లండు.

చిన్నవాడికి బరువు ఎక్కడ?

ఇరుగుపొరుగు దేశాలు తమ మధ్య సుంకాలు ఎత్తివేసి, సరుకు నాణ్యతకు ఒకే రకం నిబంధనలు పెట్టుకొని, అంతా ఒకే సంతగా ఏర్పడడాన్ని ప్రాంతీయ ఆర్థిక సమైక్యత అంటున్నారు. పేరు పెద్దదే గాని విషయం మనకు కొత్త కాదు. పొలిమేరలోని చెక్‌పోస్టు ఎత్తివేస్తే ఏమవుతుందో అదే ఇక్కడ దేశాల మధ్య జరుగుతుంది.

చెక్‌పోస్టు పోతే పెద్దకూ చిన్నకూ ఒకే దారి తెరుచుకొంటుంది గదా అనిపించవచ్చును. కాని చిన్న సంస్థకు అసలు బరువు సుంకంలో లేదు. నెయ్యి డబ్బాలు దూరదేశానికి పంపాలనుకోండి. ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. అక్కడి భాషలో లేబులు వేయించాలి. అక్కడి చట్టం తెలిసిన మనిషి కావాలి. సరుకు దించుకొని దుకాణాలకు చేర్చే ఏజెంటు కావాలి. సరుకు బాగాలేదని తిరిగివస్తే ఆ నష్టం తట్టుకొనే శక్తి కావాలి. ఈ ఖర్చులలో చాలావరకు పది టన్నులు పంపినా, వెయ్యి టన్నులు పంపినా అంతే. వెయ్యి టన్నులవాడికి కిలోకు పైసలలో పడే ఖర్చు పది టన్నులవాడికి రూపాయలలో పడుతుంది. సుంకం పోయిన మరునాడే పెద్దవాడు లారీలు కట్టించుకొని బయలుదేరుతాడు. చిన్నవాడు ఇంకా లేబులు దగ్గరే ఆగి ఉంటాడు. ఈలోగా అవతలి పెద్దవాడి సరుకు మన ఊరి దుకాణంలోకి వచ్చి కూర్చుంటుంది.

మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న కొలత ప్రకారం ఏడాదికి 10 కోట్ల రూపాయల వ్యాపారం వరకు సూక్ష్మ సంస్థ, 100 కోట్ల వరకు చిన్న సంస్థ, 500 కోట్ల వరకు మధ్యతరహా సంస్థ. పెట్టుబడికి వేరే పరిమితులున్నవి. ఈ కొలతతో చూస్తే మన గ్రామ సంఘాలు దాదాపు అన్నీ మొదటి గడిలోనే ఉంటాయి. ఒక మోస్తరు జిల్లా యూనియను మూడవ గడిలోకి వస్తుంది. ఐర్లండు కథ కూడా ఇట్టి గడులలోని సంస్థల కథే.

పన్నెండేళ్ల వ్యవధి

ఐర్లండులో పల్లె పల్లెకూ క్రీమరీలుండేవి. క్రీమరీ అంటే రైతులు పోసిన పాలలో మీగడ తీసి వెన్న చేసే చిన్న కార్ఖానా. మీగడ తీసిన పాలు తిరిగి రైతుకే ఇచ్చేవారు, దూడలకూ పందులకూ పోసుకొనేవాడు. సర్ హోరేస్ ప్లంకెట్ ప్రోత్సాహంతో 1889లో లిమరిక్ జిల్లాలోని డ్రమ్‌కాలహర్ వద్ద అక్కడి మొదటి సహకార క్రీమరీ వెలిసింది. డెన్మార్కు రైతులు అంతకు ఏడేళ్ల ముందే, 1882లో, ఈ పని మొదలుపెట్టి ఉన్నారు. ఐర్లండువారికి దారి చూపింది వారే.

అయితే ఐర్లండు వెన్నకు ఒక దౌర్భాగ్యం పట్టుకొని ఉండేది. ఎక్కువభాగం బ్రిటనుకే పోయేది. అక్కడ పేరూ ఊరూ లేకుండా పెట్టెలలో టోకున అమ్ముడయ్యేది. కొన్నవాడు దానిని మరొక వెన్నతో కలిపి తన పేరు వేసుకొనేవాడు. పాలు తమవి, పేరు పరాయివాడిది, ధర కూడా అతడు చెప్పిందే. పాలను ప్రైవేటు ఏజెంట్లకు పోసిన రోజులు జ్ఞాపకమున్న పెద్దలకు ఇది వివరించనక్కరలేదు.

ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, హాలండు, లక్సెంబర్గు దేశాలు 1957 మార్చి 25న రోములో ఒడంబడిక చేసుకొని యూరపు ఉమ్మడి మార్కెట్టును నెలకొల్పాయి. ఐర్లండు 1961లో అందులో చేరడానికి దరఖాస్తు పెట్టుకొన్నది. బ్రిటను ప్రవేశానికి ఫ్రాన్సు అడ్డుపడడంతో ఐర్లండు సంగతి కూడా ఆగిపోయి, చివరకు 1973 జనవరి 1న గాని చేరడం పడలేదు. ఈ పన్నెండేళ్ల ఆలస్యమే వారి పాలిట వరమైందని నా అభిప్రాయం. ఎందుకంటే దరఖాస్తు పెట్టిన 1961లోనే అక్కడి ప్రభుత్వం పాడి ఎగుమతులకు ఒక బోర్డు ఏర్పాటు చేసింది. 1962లో ఆ బోర్డు క్రీమరీలన్నిటి వెన్ననూ ‘కెర్రీగోల్డ్’ అనే ఒకే పేరుతో, ఒకే రకం పొట్లంలో బ్రిటనులో అమ్మకానికి పెట్టింది. ఏ క్రీమరీ పేరూ పైన లేదు. వెన్న చేయడం ఎవరి ఊళ్లో వారిదే. నాణ్యత చూడడం, పేరు, ప్రకటనలు, బేరసారాలు మాత్రం బోర్డువి. ఇందాక లెక్క వేసిన లేబులు ఖర్చూ, ఏజెంటు ఖర్చూ అందరి మీదా పంచుకొనేసరికి ఒక్కొక్కరికి కిలోకు పైసలలోకి దిగింది.

1973లో తలుపు తెరుచుకొన్ననాటికి వారి చేతిలో పేరున్న సరుకు ఉన్నది. ఆ ఏడాదే జర్మనీలో అమ్మకం మొదలుపెట్టారు. ఈనాడు జర్మనీలో ఎక్కువగా అమ్ముడయ్యే వెన్న పేరు అదే. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఉమ్మడి మార్కెట్టు నిబంధనల ప్రకారం ఎగుమతుల మీద ప్రభుత్వ బోర్డుకు గుత్తాధిపత్యం ఉండకూడదు. అందువల్ల 1973లో బోర్డును క్రీమరీల సొంత సహకార సంస్థగా మార్చవలసి వచ్చింది. సభ్యులు దానికి సరుకు ఇచ్చి తీరాలన్న నిర్బంధం పోయింది, అయినా ఎక్కువమంది విడిచిపోలేదు. 2015లో ఆ సంస్థ పేరు ‘ఓర్నువా’గా మార్చారు. వెన్న పేరు మాత్రం పాతదే. సభ్య సంఘాలకు తాము ఇచ్చిన సరుకును బట్టి ఏటా బోనసు కూడా ముట్టుతుంది.

వెన్న కొండలూ, మన పాలవెల్లువా

చేరిన కొత్తలో ఐర్లండు రైతుకు పండుగే అయింది. ఉమ్మడి మార్కెట్టులో వెన్న, పాలపొడి ధర ఒక మట్టం కంటె దిగితే ప్రభుత్వ సంస్థలే కొని గోదాములలో వేసేవి. పాలధర కొద్ది ఏళ్లలోనే బాగా పెరిగింది. ధర ఖాయమైనప్పుడు రైతు పాలు తగ్గిస్తాడా? యూరపు అంతటా పాలు పొంగిపొర్లాయి. గోదాములలో వెన్న పేరుకొని, 1980ల మధ్యనాటికి పది లక్షల టన్నులు దాటిపోయింది. పత్రికలవారు దానిని ‘వెన్న కొండ’ అన్నారు.

ఈ కొండలకూ మన సంఘాలకూ సంబంధమున్నది. యూరపులో అప్పటికే మిగిలిపోతున్న సరుకు నుంచి 1 లక్షా 26 వేల టన్నుల పాలపొడి, 42 వేల టన్నుల బటర్ ఆయిల్ ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా మనకు దానంగా వచ్చింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ మొదటి దశ ఈ సరుకు మీదనే నడిచింది. డాక్టర్ కురియన్ ఆ పొడిని ఉచితంగా పంచనివ్వలేదు. స్థానిక పాలధర దెబ్బతినకుండా, ఆ ధరకు తగ్గట్టుగా డెయిరీలకు అమ్మించి, వచ్చిన సొమ్ముతో శీతల కేంద్రాలు, డెయిరీలు, సంఘాలు కట్టించారు. అదే పొడి అడ్డూ అదుపూ లేకుండా చవకగా సంతలోకి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పరాయి సంతలో మిగిలిన సరుకు చిన్న రైతుకు ఉరి కావచ్చును, పెట్టుబడీ కావచ్చును. అది ఎవరి చేతి మీదుగా, ఏ ధరకు లోపలికి వస్తున్నదన్నదే అసలు విషయం.

యూరపువారు చివరకు 1984 ఏప్రిల్‌లో పాలకు కోటా పెట్టారు. కోటా మించితే జరిమానా. 2015 మార్చి 31న దానిని ఎత్తివేశారు. ఆ మధ్యకాలంలో ఐర్లండులో పాలుపోసే రైతుల సంఖ్య 60 వేలకు పైబడి ఉన్నది కాస్తా 20 వేలకు లోబడింది. కోటా పోయిన తరువాత పాల ఉత్పత్తి సుమారు 560 కోట్ల లీటర్ల నుంచి 800 కోట్లు దాటింది. పాలు పెరిగాయి, రైతులు తగ్గారు. ఇది దాచవలసిన విషయం కాదు. పేరున్న వెన్న ఉన్నా, సహకారం ఉన్నా, చిన్న మందలవాళ్లు చాలామంది పాడి వదిలిపెట్టారు.

రెండు దారులు

మిగిలిన సంఘాల సంగతికి వస్తాము. సభ్యులు శ్రద్ధగా చదవవలసిన భాగం ఇదే.

పెద్ద సంతలో నిలవాలంటే పెద్దది కావాలని 1960ల నుంచీ అక్కడ విలీనాలు జోరుగా సాగాయి. కెర్రీ ప్రాంతపు రైతులు 1974లో సంఘంగా ఏర్పడి, ప్రభుత్వ కంపెనీ నడుపుతున్న క్రీమరీలను కొన్నారు. వ్యాపారం బాగా సాగింది. ఇంకా పెట్టుబడి కావాలని 1986లో ఆ వ్యాపారాన్ని స్టాక్ ఎక్స్చేంజిలో వాటాలు అమ్మే కంపెనీగా మార్చారు. మొదట అధికభాగం వాటా సంఘానిదే. 1996లో సగానికి తక్కువ అయినా ఫరవాలేదని సభ్యులే ఓటు వేశారు. క్రమంగా అది పలచబడి, 2020ల నాటికి 11 శాతం దగ్గరకు వచ్చింది. కంపెనీ దేశదేశాలలో ఆహార పదార్థాల దినుసులు అమ్మే మహాసంస్థ అయింది. వాటాలు అట్టిపెట్టుకొన్న రైతులకు మంచి లాభమే వచ్చింది, అది ఒప్పుకొనాలి. కాని పాలు పోసే రైతుకూ కంపెనీకీ మధ్య పాలధర మీద ఏళ్ల తరబడి తగవు నడిచింది. వాటాదారుడికి పాలు ముడిసరుకు. ముడిసరుకు చవకగా దొరకాలనే అతడు కోరుకొంటాడు. చివరకు 2024 డిసెంబరులో, ఒకప్పుడు తమదే అయిన పాల వ్యాపారాన్ని తిరిగి కొనడానికి సంఘ సభ్యులు ఓటు వేశారు. దాని వెల 50 కోట్ల యూరోలుగా కట్టారు. ముందు 70 శాతం, మిగిలినది తరువాత.

ఇది ఒక్కచోటి ముచ్చట కాదు. గ్లాన్‌బియా అనే మరొక పెద్ద సంస్థ కూడా సహకార క్రీమరీల విలీనాలతో పుట్టి, కంపెనీగా మారింది. అక్కడి రైతుల సంఘం 2022లో 30 కోట్ల యూరోలకు పైగా చెల్లించి ఐర్లండులోని పాల వ్యాపారంలో కంపెనీ చేతిలో మిగిలిన 40 శాతం వాటా కొనుక్కొన్నది. ఇప్పుడు దాని పేరు టిర్లాన్.

రెండవ దారి పశ్చిమ కార్క్ ప్రాంతానిది. అక్కడ బాండన్, బారీరో, డ్రినా, లిసవార్డ్ అని నాలుగు సంఘాలున్నవి. చుట్టుపక్కల అందరూ విలీనమవుతున్నా ఈ నలుగురూ కాలేదు. అట్లాగని విడివిడిగానూ ఉండిపోలేదు. 1965లో లండను నగరపు ఎక్స్‌ప్రెస్ డెయిరీస్ కంపెనీతో కలిసి ‘కార్బరీ’ పేరుతో చీజ్ కార్ఖానా పెట్టారు. 1992 నాటికి ఆ కంపెనీ వాటా కూడా కొనివేసి, నాలుగు సంఘాలే పూర్తి యజమానులయ్యారు. పాలు పోయించుకొనడం, రైతుకు లెక్క చెల్లించడం, దాణా, ఎరువులు అమ్మే దుకాణం నడపడం ఏ సంఘానికి ఆ సంఘం చేసుకొంటుంది. లక్షల లీటర్లు ఉంటే గాని గిట్టుబాటు కాని కార్ఖానా నలుగురిదీ. ఆ కార్ఖానాలో తయారయ్యే చీజ్‌లో కొంత కెర్రీగోల్డ్ పేరుతోనే పరదేశం పోతుంది, అంటే అమ్మకం దేశం మొత్తానికి ఉమ్మడి. చీజ్ తీయగా మిగిలే నీటిని పారబోయక 1978 నుంచి దానితో ఆల్కహాలు కూడా తీస్తున్నారు. ఇంత చిన్న సంఘాలు పెద్దవాళ్ల ముందు నిలుస్తాయా అని అనుమానించినవారికి జవాబు పాలధరల పట్టికలో దొరుకుతుంది. దేశంలో రైతుకు ఎక్కువ ధర ఇచ్చే సంఘాల వరుసలో ఈ నాలుగూ ఏటేటా పైనే కనబడుతున్నాయి.

నాకు ఈ రెండవ దారి ఎక్కువ నచ్చింది. అట్లాగని అన్నిచోట్లా అదే సాగుతుందని చెప్పలేను. నాలుగు సంఘాలూ పక్కపక్కనే ఉండడం, నాయకులు ఒకరినొకరు ఎరిగి ఉండడం కూడా కలిసివచ్చి ఉంటుంది.

మనకు పోలిక ఎంతవరకు?

ఒక హెచ్చరిక చేయాలి. ఐర్లండు రైతును మనతో సమానమని భావించరాదు. ఈనాడు అక్కడి మందలో సగటున 80, 90 ఆవులుంటాయి. న్యూజీలాండులో 400 దాటుతాయి. మనకు రెండో మూడో పశువులు. అందుకనే మన దేశం పాలపొడి మీద సుంకం 60 శాతం ఉంచుకొన్నది. ఏడాదికి 10 వేల టన్నుల వరకు మాత్రం 15 శాతం. ఇది మొదటినుంచీ ఉన్నది కాదు. ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో పాలపొడి సుంకం సున్నాకు కట్టుబడి ఉండి, 2000 ప్రాంతంలో మళ్లీ బేరమాడి పెంచుకొనవలసి వచ్చింది. 2022 డిసెంబరులో అమలైన ఆస్ట్రేలియా ఒప్పందంలోనూ, 2025 జూలైలో సంతకమైన బ్రిటను ఒప్పందంలోనూ పాడి ఉత్పత్తులను మన దేశం పక్కన పెట్టింది. బయటి హద్దు ఈ విధంగా కాపలాలో ఉన్నది.

లోపలి హద్దుల సంగతి వేరు. మన దేశమే ఒక పెద్ద ఉమ్మడి సంత. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన తరువాత రాష్ట్రాల సరిహద్దుల పన్ను చెక్‌పోస్టులు పోయాయి. నెయ్యి, వెన్న మీద పన్ను అన్ని రాష్ట్రాలకూ ఒకటే. మొదట 12 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. పొరుగు రాష్ట్రాల పాల ప్యాకెట్లు మన ఊళ్లకు వస్తున్నాయి, మనవి అక్కడికి పోతున్నాయి. 2023లో గుజరాతు అమూల్ తమ రాష్ట్రంలో పాలు సేకరించడం మీద తమిళనాడు ముఖ్యమంత్రి కేంద్రానికి వ్రాసిన లేఖ, అదే ఏడాది అమూల్, నందినిల విషయమై కర్ణాటకలో రేగిన వివాదం పత్రికలలో చదివే ఉంటారు. రెండు వైపులా ఉన్నది రైతుల సంఘాలే అయినా పోటీ పోటీయే.

ఈ సంతలో మన యూనియన్లు ఏ దారి పట్టాయి? 1995 నాటి పరస్పర సహాయక సహకార చట్టం కిందికి కొన్ని వెళ్లాయి. తరువాత కొన్ని ఉత్పత్తిదారుల కంపెనీలుగా మారాయి. కంపెనీ అనగానే కెర్రీ కథ జ్ఞాపకం వచ్చి కంగారుపడనక్కరలేదు. 2002లో కంపెనీల చట్టానికి జరిగిన సవరణ ప్రకారం ఉత్పత్తిదారుల కంపెనీలో ఉత్పత్తిదారులకే సభ్యత్వం. దాని వాటాలు స్టాక్ ఎక్స్చేంజిలో అమ్మకానికి రావు. వాటా బదిలీ చేయాలన్నా మరొక సభ్యునికే, డైరెక్టర్ల అనుమతితో చేయాలి. ఐర్లండువారు కోట్ల యూరోలు పోసి తిరిగి తెచ్చుకొన్నది మనకు చట్టంలోనే ఉన్నదన్నమాట. అయితే ఇది తల్లి సంస్థకు వర్తిస్తుంది. అది పెట్టే అనుబంధ కంపెనీలకు, ప్రైవేటువారితో కలిసి పెట్టే కార్ఖానాలకు ఇదే రక్ష ఉండాలని లేదు. ఐర్లండులో సంఘం సంఘంగానే ఉన్నది, చేతిలోంచి జారింది దాని కింద పెట్టిన కంపెనీయే.

కనుక మీ యూనియను పొడి కార్ఖానాకో, నెయ్యి ప్యాకింగుకో మరొకరితో భాగస్వామ్యం తలపెట్టినప్పుడు, ఎన్ని లీటర్ల శక్తి, ఎంత అప్పు అని మాత్రమే చూడక, సంఘాల వాటా ఎంత, అది తగ్గాలంటే ఎవరు ఓటు వేయాలి అన్న సంగతి సర్వసభ్య సమావేశంలో అడిగి తెలుసుకొనండి. జవాబు మినిట్సు పుస్తకంలోకి ఎక్కించండి. బైలాల ప్రతి మీ సంఘ కార్యాలయంలో లేకపోతే, కార్యదర్శి చేత యూనియనుకు వ్రాయించి తెప్పించుకొనవచ్చును. వచ్చిన తరువాత ముందుగా వాటాల అధ్యాయం చదవండి.